సన్నీవేల్‌లో 1960 నాటి ఐక్లర్ ఇల్లు: బయటి నుంచి చూసి ఏం తేల్చుకోవాలి?

శ్రీధర్_సన్నీవేల్

కాలిఫోర్నియా సన్నీవేల్‌లో 1960లో కట్టిన ఐక్లర్ ఇల్లు, అంటే జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ కట్టిన ఇల్లు, ఒకటి చూశాం. నాలుగు బెడ్‌రూములు, మధ్యలో ఏట్రియం (పైన కప్పు లేని వాకిలి), లోపలికి అడుగు పెడితే వెలుతురే వెలుతురు. మా ఆవిడకి తెగ నచ్చేసింది. నా ఇబ్బందంతా బయటి రూపంతోనే. వీధిలో నిలబడి చూస్తే గరాజ్ తలుపు, పక్కన కిటికీ అనేదే లేని చెక్క గోడ, పైన దాదాపు చదునుగా ఉన్న కప్పు, అంతే. సింహద్వారం ఎక్కడుందో వెతుక్కోవాలి. వీడియో కాల్‌లో చూపిస్తే మా నాన్నగారు "ఏరా, ఇది ఇల్లా గోడౌనా, దీనికి అంత డబ్బా?" అన్నారు. ఇరవై లక్షల డాలర్ల పైమాటే, ఆయన అడగడంలో తప్పేముంది.

పైగా అమ్మకానికి పెట్టే ముందు బయటంతా ముదురు బూడిద రంగు కొట్టించారు, ఇంకా వాసన పోలేదు. ఆఫర్లు వచ్చే మంగళవారం లోపు ఇవ్వాలట. ఈ కాలం ఇళ్ళలో ఏది డిజైన్, ఏది పాడైపోయిన లక్షణం అని బయటి నుంచి ఎలా పట్టుకోవాలి? కొన్నాక ముందుభాగం మార్చుకోవచ్చా? మా ఏజెంట్‌ని అడిగితే "వెరీ క్లాసిక్" అంటాడు తప్ప ఇంకో ముక్క చెప్పడు.

గోదారోడు

రంగు చూసి టెన్షన్ పడకండి. ఇక్కడ అమ్మకానికి పెట్టే ప్రతి ఇంటికీ కొడతారు.

ఫ్రీమాంట్_ఫణి

రంగు చూసే టెన్షన్ పడాలండీ. పైన పటారం లోన లొటారం అని ఊరికే అనలేదు. అదీ ముదురు రంగు. లేత రంగు మీద నీటి మరకలు కనిపిస్తాయి, ముదురు రంగులో ఏమీ తెలీదు. నన్నడిగితే ఆ రేటుకి స్థలం చూసుకుని కొనండి, ఇల్లు తర్వాత కూలగొట్టి కొత్తది కట్టుకోవచ్చు.

మండువా_మనవరాలు

ఫణి గారూ, కూలగొట్టే మాట అంత తేలిగ్గా అనేయకండి.

శ్రీధర్ గారూ, మేము పాలో ఆల్టోలో ఐక్లర్ ఇంట్లోనే ఉంటున్నాం. మీరు చెప్పిన ఆ కిటికీల్లేని గోడ కావాలని పెట్టింది. ఆ ఇళ్ళు వీధికి వీపు పెట్టి, పెరటి వైపు, మధ్య వాకిలి వైపు మొహం తిప్పుకుని ఉంటాయి. వీధివైపు ఎంత మూసుకుని ఉంటుందో వెనకవైపు నేల నుంచి కప్పు దాకా అంత గాజు. ఇల్లంతా దూలాలూ స్తంభాలే మోస్తాయి, అందుకే గోడల్ని గాజుతో నింపగలిగారు. మా అమ్మమ్మ వాళ్ళది పాలకొల్లు దగ్గర మండువా లోగిలి. బయట అరుగు, గోడ తప్ప వీధిలో వెళ్ళేవాడికి ఇంకేం కనిపించేది కాదు, గుమ్మం దాటి లోపలికి వస్తే ఆకాశం. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఏట్రియంలో కుర్చీ వేసుకుని "ఇది మన మండువానే" అంది. ఆవిడకి నేను ఏమీ వివరించాల్సి రాలేదు. మీ నాన్నగారికి కూడా వీధి మొహం చూపించకుండా ఏట్రియం నుంచి మొదలుపెట్టి చూపించండి.

జోసెఫ్ ఐక్లర్ ఆర్కిటెక్ట్ కూడా కాదు. వెన్న, గుడ్ల టోకు వ్యాపారం చూసుకున్న మనిషి. 1940లలో హిల్స్‌బరోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన ఇంట్లో అద్దెకుండి, మామూలు ఉద్యోగస్తులకి కూడా ఇలాంటి ఇళ్ళు ఎందుకు ఉండకూడదు అని బిల్డర్ అయ్యాడు. మంచి ఆర్కిటెక్టులని పెట్టుకున్నాడు: ముందు ఆన్షెన్ అండ్ ఆలెన్, తర్వాత జోన్స్ అండ్ ఎమ్మన్స్, క్లాడ్ ఓక్లండ్. కాలిఫోర్నియాలో దాదాపు 11,000 ఇళ్ళు కట్టాడు. మొదటివాటిలో కొన్ని 1949లో మీ సన్నీవేల్‌లోనే లేచాయి.

ఇంకొకటి, మనలాంటి వాళ్ళు తెలుసుకోవాల్సింది. ఆ రోజుల్లో ఎన్నో కాలనీల్లో తెల్లవాళ్ళకి తప్ప అమ్మేవాళ్ళు కాదు. ఈయన నల్లవాళ్ళకీ ఆసియావాళ్ళకీ కూడా అమ్మాడు. ఆ విషయంలోనే బిల్డర్ల జాతీయ సంఘంతో పడక 1958లో రాజీనామా ఇచ్చాడు. మీ ఇల్లు ఆ తర్వాత రెండేళ్ళకి కట్టింది. నాకైతే ఆ మూసిన గోడ చూసినప్పుడల్లా ఈ సంగతే గుర్తొస్తుంది.

ఎడిసన్_రవి

ఈ చరిత్ర తెలీదు, థాంక్సండీ. ఇటు తూర్పు తీరంలో దానికి సరిగ్గా ఎదురు జరిగింది. అవే ఏళ్ళలో లెవిట్ అనే బిల్డర్ కట్టిన పెద్ద కాలనీల్లో, అంటే లెవిట్‌టౌన్‌లలో, నల్లవాళ్ళకి అమ్మేవాళ్ళు కాదు. 1957లో పెన్సిల్వేనియా లెవిట్‌టౌన్‌లో మైయర్స్ అనే కుటుంబం ఒక ఇల్లు పాత ఓనర్ దగ్గర కొనుక్కుని దిగితే, జనం రోజుల తరబడి ఇంటి ముందు పోగై రాళ్ళు విసిరారు.

రిచర్డ్‌సన్_పద్మ

చరిత్ర బాగానే ఉంది, కానీ ఆయన అడిగింది ఇల్లు కొనొచ్చా అని. టెక్సాస్‌లో ఉండే నేను మాత్రం వీధి నుంచి నచ్చని ఇల్లు కొనను. రోజూ ఆఫీసు నుంచి వచ్చి చూసేది ఆ మొహమే. రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్ళకీ ఇదే అనుమానం వస్తుంది కదా.

గోదారోడు

పద్మ గారూ, బే ఏరియాలో ఐక్లర్ కోసమే వెతుక్కునేవాళ్ళు ఉన్నారు. ఆ మొహం చూసే కొంటారు. మీ టెక్సాస్ లెక్క ఇక్కడ నడవదు.

ఇన్‌స్పెక్షన్_బాబాయ్

నేను చేసే పని ఇదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా. బే ఏరియాలో ఈ కాలం ఇళ్ళు చాలా చూశాను.

మొదట వీధికి అవతలి పక్క నిలబడు నాయనా. ఇంటి దగ్గరికి వెంటనే పోవద్దు. కప్పు అంచు ఒకే గీతలో సాగుతోందా, మధ్యలో ఎక్కడైనా కుంగిందా చూడు. ఈ ఇళ్ళ అందమంతా ఆ పొడవాటి అడ్డగీతలోనే ఉంది, అది వంకర పోతే కంటికి తెలిసిపోతుంది. గరాజ్ తలుపు పైన దూలం మరీ ముఖ్యం, అక్కడ దూరం ఎక్కువ, ఆనిక తక్కువ.

తర్వాత దూలాల కొసలు. లోపలి నుంచి వచ్చిన దూలాలే చూరు దాటి బయటికి పొడుచుకుని ఉంటాయి. వాన నీళ్ళు ఆ కొస మీద నిలిచి చెక్క పోగుల వెంట లోపలికి పోతాయి. బయట రంగు పొర గట్టిగా ఉంటుంది, లోపల పుచ్చిపోయి ఉంటుంది. ఎలా తెలుస్తుందంటే, కొస దగ్గర అంచులు కోసినట్టు పదునుగా ఉండాలి. గుండ్రంగా, మెత్తగా తిరిగి ఉంటే అక్కడ పుట్టీ పెట్టి రుద్దారని అర్థం. చెక్క పోగుల వెంట సన్నటి పగుళ్ళు వరసగా రంగులోంచి బయటపడుతుంటాయి. వేలి కణుపుతో కొట్టి చూడు. మంచి చెక్క టక్కుమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. ఒక దూలం కొడితే సరిపోదు, అన్నీ వరసగా కొడుతూ పో, తేడా నీకే వినిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో మాత్రం పొడవకు, ఇల్లింకా నీది కాలేదు.

ఆ తర్వాత గోడ కింది అంచు. ఐక్లర్ సైడింగ్, అంటే బయటి గోడకి కొట్టే పలకలు, సన్నటి ప్లైవుడ్, నిలువు గాడులతో ఉంటుంది. ఇల్లు కాంక్రీటు స్లాబ్ మీద, నేలకి కాస్తంతే ఎత్తులో కూర్చుంటుంది. అరవై ఏళ్ళలో తోటపని చేసి చేసి మట్టి, బెరడు చెక్కలు పోసి నేల మట్టం పెంచేస్తారు. మట్టి చెక్కకి తగిలిందంటే అక్కడ తేమ, తేమ వెనకే చెదలు. మోకాళ్ళ మీద కూర్చుని చూడు. ప్లైవుడ్ పొరలు అడుగున విడిపోయి ఉబ్బి ఉంటాయి, రంగు దాన్ని దాచలేదు. గోడ మీద స్లాబ్ అంచు నుంచి పాకే సన్నటి మట్టి గొట్టాలు కనిపిస్తే అవి చెదల దారులే.

కిటికీల్లేకపోవడం, చదును కప్పు, తలుపు కనపడకపోవడం, వీటి గురించి దిగులు పడకు. అవి ఇంటి స్వభావం. నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ లోపలికి పోతాయి, నీకు కావాల్సింది అంతవరకే.

ఫ్రీమాంట్_ఫణి

బాబాయ్ గారూ, ఇన్ని చూడాల్సి వస్తే కొత్త ఇల్లే నయం కదా.

ఇన్‌స్పెక్షన్_బాబాయ్

కొత్త ఇంట్లో దూలాలు కనపడవు, అంతా జిప్సం బోర్డు వెనక దాక్కుని ఉంటుంది. ఇందులో ఎముకలన్నీ బయటికే కనిపిస్తాయి. చూడటం తెలిస్తే ఇదే తేలిక.

వాస్తు_కుతూహలం

మధ్యలో ఆకాశం కనిపించేలా ఖాళీ ఉంటే బ్రహ్మస్థానం తెరిచి ఉన్నట్టే కదా, మంచిదంటారు. ఇంటి ముఖద్వారం వీధిగేటా లేక ఏట్రియం లోపలి తలుపా, దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?

గోదారోడు

మొదలైంది.

మండువా_మనవరాలు

గోదారోడు గారూ, అడగనివ్వండి, మన వాళ్ళలో సగం మంది ఇల్లు కొనేది ఆ ప్రశ్నకి జవాబు దొరికాకే. మా ఇంటికి వచ్చిన సిద్ధాంతి గారు ఏట్రియం దాటాక వచ్చే తలుపునే సింహద్వారంగా తీసుకున్నారు. వేరేవాళ్ళు గేటు అనొచ్చు. కొన్ని ఇళ్ళలో ఏట్రియం మీద కప్పు వేసి గది చేసేశారు, అది మాత్రం బయటి నుంచే తెలుస్తుంది, కప్పు మధ్యలో ఎత్తుగా స్కైలైట్ లేచి ఉంటుంది. అలా మూసినప్పుడు నీళ్ళు పోయే దారులు మారతాయి, పర్మిట్ ఉందో లేదో అడగాలి. వాస్తుకైనా ఇంజనీరింగ్‌కైనా దాన్ని తెరిచి ఉంచడమే మేలు.

శ్రీధర్_సన్నీవేల్

అందరికీ థాంక్స్. బాబాయ్ గారు చెప్పినట్టు మళ్ళీ వెళ్ళి చూశా. కప్పు గీత తిన్నగానే ఉంది. గరాజ్ మీద కుంగలేదు. దూలాలు కొట్టుకుంటూ పోయా, పక్కింటావిడ ఏమైందని బయటికొచ్చి చూసింది, విషయం చెబితే నవ్వి వాళ్ళ దూలాల సంగతి కూడా చెప్పింది.

రెండు విషయాలు అర్థం కాలేదు. ఒకటి, వెనకవైపు నాలుగు దూలాల కొసలకి రేకు తొడుగులు ఉన్నాయి, వాటికీ రంగేశారు. రెండు, గరాజ్‌కి ఎడమవైపు గోడ మీద గాడులు దగ్గరదగ్గరగా ఉన్నాయి, కుడివైపు గోడ మీద దూరదూరంగా ఉన్నాయి. రంగు ఒకటే కాబట్టి ఫోటోల్లో కనపడలేదు. ఇంకా కప్పు మీద వెనక భాగంలో పొడవుగా ఉబ్బెత్తు గొట్టంలాంటిది పోతోంది.

ఇన్‌స్పెక్షన్_బాబాయ్

శభాష్, మంచి కన్ను.

రేకు తొడుగు రెండు రకాలుగా ఉండొచ్చు. చెక్క బాగున్నప్పుడే నీళ్ళు పడకుండా పైన, కొసన తొడిగితే అది మంచి పని. పుచ్చాక మూసిపెట్టడానికి తొడిగితే లోపల తేమ బయటికి పోలేక ఇంకా పాడవుతుంది. తొడుగు అడుగుభాగం తెరిచి ఉందా చూడు, అక్కడ చెక్క కనిపిస్తే బొటనవేలితో నొక్కు. నాలుగింటికే ఉండి మిగతావాటికి లేవంటే ఆ నాలుగింటికే ఏదో అయింది. దక్షిణమో పడమరో అయ్యుంటుంది, ఎండా వానా రెండూ కొట్టే వైపు.

గాడులు వేరుగా ఉన్నాయంటే ఒక గోడ మార్చారు. ఐక్లర్ గాడుల రకాలు మామూలు దుకాణాల్లో దొరకవు, అచ్చం అలాంటివి చేసి అమ్మేవాళ్ళ దగ్గర తెప్పించుకోవాలి. దుకాణంలో దొరికింది తెచ్చి కొట్టేస్తే ఇలాగే తేడాగా కనిపిస్తుంది. చూపు సంగతి అలా ఉంచు. ఎందుకు మార్చారు అన్నదే అడగాలి. చెదలా, నీరా, కారు తగిలిందా?

కప్పు మీది గొట్టం గాలి డక్ట్ అయ్యుండాలి. అసలు ఐక్లర్ హీటింగ్ నేలలోనే ఉంటుంది, స్లాబ్‌లో గొట్టాలు, వాటిల్లో వేడి నీళ్ళు. అవి కారడం మొదలుపెడితే కొందరు బాగు చేయించకుండా ఆపేసి కప్పు మీద డక్టులు వేయించుకుంటారు, ఎందుకంటే ఈ ఇళ్ళకి అటక లేదు. స్లాబ్ హీటింగ్ పనిచేస్తోందా అని రాతపూర్వకంగా అడుగు.

గోదారోడు

బయట నిలబడి నేలలో గొట్టం పగిలిందని చెప్పేశారు. బాబాయ్‌కి దండం.

రిచర్డ్‌సన్_పద్మ

సరే, ఈ పద్ధతి నాకు నచ్చింది, ఇక మా వైపు సంగతి చెప్తా. మాది 1956 నాటి ఒకే అంతస్తు ఇటుక ఇల్లు. ఇక్కడ డల్లాస్ చుట్టూ నల్లటి బంకమట్టి, వానకి ఉబ్బి ఎండకి ముడుచుకుంటుంది, దాంతో పాటు పునాదీ కదులుతుంది. కాబట్టి మేము ముందు చూసేది ఇటుక వరస. ఇటుకల మధ్య సిమెంటు వెంట మెట్లుమెట్లుగా ఎక్కే పగులు ఉందా, అది పైకి పోయేకొద్దీ వెడల్పవుతోందా, కిటికీ చట్రానికీ ఇటుకకీ మధ్య సందు ఒకవైపు ఎక్కువా ఒకవైపు తక్కువా ఉందా. మేము కొనేముందు ఒక పగులుని కొత్త సిమెంటుతో పూడ్చి ఉండటం చూసి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించి లెవెల్ కొలిపించాకే ముందుకెళ్ళాం. పునాది పని చేయించి ఉంటే దానికి వారంటీ కాగితం కొత్త ఓనర్‌కి బదిలీ అవుతుందా అని కూడా అడగాలి. ఎండాకాలంలో ఇంటి చుట్టూ సోకర్ హోస్ (నీళ్ళు ఊరే చిల్లుల పైపు) వేసి మట్టిని తడిగా ఉంచడం మా రోజువారీ పని.

వీధి మొహం మాట మాత్రం వెనక్కి తీసుకోను. నాకు కిటికీ కావాలి.

ఎడిసన్_రవి

మా న్యూజెర్సీ వైపు 1950లలో కట్టిన స్ప్లిట్ లెవెల్, కేప్ కాడ్ రకం ఇళ్ళు ఎక్కువ. చాలావాటికి మీద వినైల్ సైడింగ్ ఉంటుంది, కింద ఏముందో చూడాలి. మూలల దగ్గర, కరెంటు మీటర్ వెనకా, గరాజ్ లోపలి అంచు దగ్గరా తొంగి చూస్తే పాత పొర కనిపిస్తుంది. మా దాంట్లో గట్టి సిమెంటు పలకలు, కింది అంచు కాస్త అలలుగా ఉన్నాయి, అవి ఆస్‌బెస్టాస్. పగలకుండా ఉన్నంతవరకు అలాగే వదిలేయమన్నారు. తీయాలన్నా కోయాలన్నా దానికి లైసెన్సున్నవాళ్ళు రావాలి, ఖర్చు వాచిపోతుంది. రంగు ఎలా ఉందని చూసేముందు ఆ రంగు దేని మీద ఉందో చూడమంటాను.

ఇన్‌స్పెక్షన్_బాబాయ్

రవి చెప్పింది సరైనది. ఇంకోటి కలుపుతా. 1978కి ముందు కట్టిన ఏ ఇంటికైనా పాత రంగు పొరల్లో సీసం ఉండొచ్చు. అమ్మేవాళ్ళు తమకి తెలిసింది చెప్పి తీరాలి, ఫెడరల్ చట్టమే ఉంది. చిన్నపిల్లలుంటే కిటికీల కింద, గోడ మొదట్లో మట్టిలో రాలిన పెచ్చులు చూడండి. కొత్త రంగు వేసేముందు గీకి ఉంటే ఆ పొడి ఎక్కడ పడిందో అడగండి.

కూకట్‌పల్లి_టు_కూపర్టినో

మేము కూపర్టినో ఫెయిర్‌గ్రోవ్‌లో ఉంటున్నాం, అదీ ఐక్లర్ కాలనీనే. శ్రీధర్ గారు అడిగిన రెండో ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ముందుభాగం మార్చొచ్చా? ఇష్టం వచ్చినట్టు కుదరదు. సన్నీవేల్‌కి ఐక్లర్ డిజైన్ గైడ్‌లైన్స్ 2009 నుంచి ఉన్నాయి, మీరు పర్మిట్‌కి వెళ్తే వాటిని ముందు పెట్టుకునే చూస్తారు. పాలో ఆల్టో 2018లో తెచ్చింది. అక్కడ గ్రీన్‌మెడో, గ్రీన్ గేబుల్స్ కాలనీలైతే 2005లో జాతీయ చారిత్రక రిజిస్టర్‌లోకే ఎక్కాయి. కొన్ని ఐక్లర్ కాలనీల్లో రెండో అంతస్తే వేయకూడదు, ఎందుకంటే పక్కింటివాళ్ళ ఇల్లంతా గాజు, మీ మేడ కిటికీలోంచి వాళ్ళ హాలు కనిపిస్తుంది. ఆ ఇల్లు ఉన్న వీధికి ఈ నిబంధన ఉందో లేదో సిటీ ప్లానింగ్ కౌంటర్‌కి ఫోన్ చేస్తే చెప్తారు. ఏజెంట్ మాట మీద వదిలేయకండి.

ఫ్రీమాంట్_ఫణి

అదే నాకు నచ్చనిది. నా డబ్బు, నా ఇల్లు, నేను మేడ వేసుకుంటే వేరేవాడికేంటి? రేపు అమ్మానాన్నలు వచ్చి ఉండాలంటే గది ఎక్కడ?

మండువా_మనవరాలు

ఫణి గారూ, అమ్మానాన్నలకి మేడ మీద గది ఇచ్చి మెట్లెక్కిస్తారా? ఒకే అంతస్తు, ఎక్కడా గడప లేదు, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మకి ఈ ఇంటికి మించింది లేదు. వెనకవైపు గది పెంచుకోవచ్చు, మేమూ పెంచాం, అదే దూలాల వరస కొనసాగించి, అదే గాడుల చెక్క తెప్పించి. వీధి నుంచి ఎవరికీ తెలీదు.

ఐక్లర్ మీద పెంకుల కప్పు ఎత్తి, ముందు గార పూసి, రెండు లావు స్తంభాలు నిలబెట్టిన ఇల్లు మా పక్క వీధిలో ఒకటుంది. ఆ స్తంభాలు ఏమీ మోయవు. చూరు కింద గుడ్డిగా నిలబడి ఉంటాయి. అటు పాత ఇల్లూ కాదు, ఇటు కొత్త ఇల్లూ కాదు. చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఇంటికి ఏది ఒప్పుతుందో చూసి చేయాలి. తలుపుకి మంచి నారింజ రంగో, పసుపో వేసి, గేటు దగ్గర గుండ్రటి తెల్ల దీపం పెట్టి, ముందు నాలుగు మొక్కలు సరిగ్గా పెడితే పద్మ గారికి కూడా ఆ మొహం నచ్చుతుంది.

రిచర్డ్‌సన్_పద్మ

నారింజ తలుపు ఫోటో పెట్టండి, చూసి చెప్తా.

ఫ్రీమాంట్_ఫణి

మెట్ల మాట ఒప్పుకుంటా. నిబంధన మాట ఒప్పుకోను.

కూకట్‌పల్లి_టు_కూపర్టినో

ఇంకో విషయం. అది నిజంగా ఐక్లరేనా, కాదా చూసుకోండి. అలాంటివే కట్టిన బిల్డర్లు అప్పట్లో ఉన్నారు. జాన్ మెకే కట్టిన ఇళ్ళని ఇక్కడ "లైక్లర్" అంటారు, వాటికీ ఆన్షెన్ అండ్ ఆలెనే గీశారు. స్టీవ్ జాబ్స్ తాను ఐక్లర్‌లో పెరిగానని చెప్పుకునేవాడు, తీరా చూస్తే మౌంటెన్ వ్యూలోని ఆ ఇల్లు మెకే కట్టింది. అవీ మంచి ఇళ్ళే, కానీ ప్రకటనలో "ఐక్లర్ స్టైల్" అని రాసి ఐక్లర్ రేటు అడిగితే ఒకసారి ఆగాలి.

గోదారోడు

కప్పు గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చదును కప్పంటే కారదా?

ఇన్‌స్పెక్షన్_బాబాయ్

సరిగ్గా చూసుకుంటే కారదు. మొదట్లో తారు, గులకరాళ్ళ కప్పులు ఉండేవి. ఇప్పుడు చాలావాటికి ఫోమ్ చల్లి, పైన తెల్లటి పూత పూస్తారు. చలీ వేడీ ఆపడానికి కూడా అదే, ఎందుకంటే లోపల కనిపించే చెక్క సీలింగ్‌కీ కప్పుకీ మధ్య ఇంకేం లేదు. ఆ పూత కొన్నేళ్ళకోసారి మళ్ళీ వేయాలి, లేకపోతే ఎండకి ఫోమ్ రంగు మారి పొడిపొడిగా రాలుతుంది, పక్షులు పొడుస్తాయి. కింద నిలబడి చూరు అంచు చూస్తే పూత మందం, పెచ్చులు కొంతవరకు కనిపిస్తాయి. ఉపగ్రహ చిత్రం తెరిచి చూడు, నీళ్ళు నిలిచి ఆరిన చోట మసక వలయాలు పడి ఉంటాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా ఇప్పుడు పైనుంచి తీసిన ఫోటోలే చూస్తున్నాయి, కాబట్టి ఆఫర్ వేసేముందే ఇన్సూరెన్స్ కోట్ తెప్పించుకో.

ఇక గాజు. వెనకవైపు పెద్ద అద్దాల మూలల్లో చిన్న ముద్ర చెక్కి ఉందా చూడు. ఉంటే అది టెంపర్డ్ గాజు. లేకపోతే అసలు 1960 నాటి మామూలు గాజు అయ్యుండొచ్చు, పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. పిల్లలున్న ఇంట్లో నేను మొదట మార్పించేది అదే. కరెంటు ప్యానెల్ బయటి గోడకే ఉంటుంది. మూత మీద జిన్‌స్కో అనో ఫెడరల్ పసిఫిక్ అనో (నమ్మకం లేని పాత రకాలు) ఉంటే మార్పించే ఖర్చు లెక్కలో వేసుకో.

శ్రీధర్_సన్నీవేల్

డిస్‌క్లోజర్ ఫైలు, అంటే ఇంటి లోపాల గురించి అమ్మేవాళ్ళు ఇచ్చే కాగితాలు, వచ్చింది, కూర్చుని మొత్తం చదివాం. పెస్ట్ రిపోర్ట్‌లో (చెదలు, పుచ్చుల తనిఖీ) సెక్షన్ 1 కింద, అంటే ఇప్పటికే పాడైనవి: ఆ రేకు తొడుగుల దూలాల్లో మూడింటి కొసలు పుచ్చాయి, గరాజ్ ఎడమ గోడ అడుగున చెదలు. సెక్షన్ 2 కింద, ముందు ముందు పాడయ్యే అవకాశం ఉన్నవి: ఏట్రియంలో మట్టి చెక్కకి ఆనుకుని ఉందని. ఎడమ గోడకి సిటీ రికార్డుల్లో పర్మిట్ ఏదీ కనపడలేదు. స్లాబ్ హీటింగ్ ఎప్పుడో ఆపేశారట, అదీ రాసిచ్చారు. కప్పు పూతకి మాత్రం బిల్లులు, వారంటీ కాగితం ఉన్నాయి. అద్దాల మీద ముద్రలు లేవు. ప్యానెల్ మార్చి ఉంది.

బయట చూసి మీరు చెప్పినవి దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి. ఇప్పుడు మా ఆవిడా నేనూ ఒక మాట మీదకి వచ్చాం. ఆఫర్ వేస్తాం, కానీ వీటన్నిటి ఖర్చు తీసేసి. అంతకు మించి ఎవరైనా ఇస్తే వాళ్ళకే పోనీ.

ఫ్రీమాంట్_ఫణి

మూడు దూలాలు పుచ్చిన ఇంటికి ఆఫరా?

ఇన్‌స్పెక్షన్_బాబాయ్

కొసలు పుచ్చడం వేరు, దూలం పుచ్చడం వేరు ఫణీ. చూరు కింద బయటికి ఉన్న భాగం వరకే అయితే కోసి కొత్త చెక్క అతికిస్తారు, ఇక్కడ అది తెలిసిన వడ్రంగులు ఉన్నారు. గోడ లోపలికి పాకితే అది పెద్ద పని. శ్రీధర్, పుచ్చు గోడ గీత దాటిందా లేదా అని రిపోర్ట్ రాసినవాళ్ళకే ఫోన్ చేసి అడుగు, వాళ్ళు బొమ్మ గీసి ఉంటారు. ఇదే అడ్రస్ మీద గత రెండేళ్ళలో ఇంకేదైనా పెస్ట్ రిపోర్ట్ నమోదైందా అని రాష్ట్ర పెస్ట్ కంట్రోల్ బోర్డులో కూడా వెతుకు, రెండు రిపోర్టులు దొరికితే పక్కపక్కన పెట్టి చదువు. ఎడమ గోడ ఒక్క చోట విప్పి చూడటానికి ఓనర్ ఒప్పుకుంటారేమో ఏజెంట్ చేత అడిగించు. మురుగు పైపులో కెమెరా పెట్టించారా? ఫైల్లో లేకపోతే మంగళవారం లోపు పెట్టించు.

మండువా_మనవరాలు

మా దూలాల కొసలు కోసి అతికిన వడ్రంగి వివరాలు మీకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపించా. ఆఫర్ వేసేముందే ఆయనతో ఒకసారి మాట్లాడండి, ఫోటోలు పంపితే ఖర్చు సుమారుగా చెప్తాడు. ఎడమ గోడకి గాడుల కొలత తీసుకుని పెట్టుకోండి, ఒక గాడి మధ్య నుంచి ఇంకో గాడి మధ్యకి. చెక్క ఆర్డర్ చేసేటప్పుడు ముందు అడిగేది అదే.

శ్రీధర్_సన్నీవేల్

టేప్ తీసుకుని రేపు పొద్దున్నే వెళ్తున్నా. మురుగు కెమెరా రిపోర్ట్ ఫైల్లో లేదు, సోమవారానికి మనిషిని మాట్లాడాం, ఓనర్ ఒప్పుకున్నారు.